పాత సామాను కొనడం ఎలా: కర్నూలు పాత్రల కొట్టు నుంచి మిద్దె తలుపు దాకా

విదేశాల్లో యాంటిక్ మాల్ అంటే ఒకే కప్పు కింద పదుల మంది వ్యాపారులు తలా ఒక గది అద్దెకు తీసుకుని సరుకు పెట్టుకునే చోటు. ప్రతి వస్తువుకూ ధర చీటీ ఉంటుంది, దాని మీద అమ్మేవాళ్ల నంబరు ఉంటుంది. కావాల్సినవి ఏరుకుని చివర్లో ఒకే కౌంటర్లో డబ్బు కట్టి బయటపడొచ్చు. కర్నూలులో, అనంతపురంలో, కడపలో పాత వస్తువు కొనే పద్ధతి వేరు. ఇక్కడ మంచి గుండిగ పాత్రల కొట్టు వెనక గదిలో, తూకానికి కొన్న తుక్కు మధ్యలో పడి ఉంటుంది. చీటీ ఉండదు. అమ్మేవాళ్లకు దాని వయసు తెలియదు, చాలామందికి ఆ లెక్కే పట్టదు. లారీ వచ్చిందంటే కరిగింపుకు పోయే సరుకది.

కరిగిపోకముందే మంచిదాన్ని గుర్తుపట్టాలి, సరైన ధరకు తెచ్చుకోవాలి, కొనకూడనిదాన్ని అక్కడే వదిలేయాలి. ఇందుకు నేను నమ్మే పద్ధతి ఒకటే: ముందు చేత్తో, కంటితో చూడండి. కథ తర్వాత వినండి. "నవాబుల కాలం నాటిది సార్" అన్న మాట చెవిన పడ్డాక ఎవరి కళ్లూ సరిగా పనిచేయవు. కర్నూలు నవాబుల పాలన 1839లోనే ముగిసింది. అప్పటి వస్తువు ఏ కాగితమూ లేకుండా తూకానికి మీ చేతికి రావడం చాలా అరుదు.

ఎక్కడ వెతకాలి

మొదట వెళ్లాల్సింది పాత ఇత్తడి తీసుకుని కొత్త స్టీలు ఇచ్చే పాత్రల కొట్లకు. కర్నూలులో వన్‌టౌన్, అనంతపురంలో పాతూరు, కడపలో వై.వి. స్ట్రీట్ వైపు సందులు ఇందుకు మంచివి. ముందు గదిలో మెరిసే సామాను చూసి వెనక్కి వచ్చేయకండి. "పాతవి ఏమైనా ఉన్నాయా, ఒకసారి చూడొచ్చా" అని అడగండి. చాలామంది చూడనిస్తారు. పెళ్లిళ్ల ముందు ఇళ్లలోని పాత సామాను కొట్లకు చేరుతుంది, పండగ ముందు అటకలు దులిపినప్పుడు కూడా అంతే. ఆ రోజుల తర్వాత వారంలోపు వెళ్తే ఏరుకోవడానికి ఎక్కువ దొరుకుతుంది.

తాళాలు, త్రాసులు, కొలపాత్రలు, ఇనుప పెట్టెలు పాత ఇనుప సామాన్ల కొట్లలో దొరుకుతాయి. తలుపులు, ద్వారబంధాలు, దూలాలు పాత మిద్దె పడగొడుతున్న చోట. మన ప్రాంతంలో మట్టి మిద్దెలు తీసేసి స్లాబు వేసుకోని ఊరు లేదు. మిద్దె పడగొట్టే మేస్త్రీలు, పాత కలప కొనే వడ్రంగులు ఇద్దరు ముగ్గురికి మీ నంబరు ఇచ్చి ఉంచండి. సామాను కొట్టుకు చేరకముందే మీకు కబురు వస్తుంది.

ఇక్కడ ఏదీ దొరకలేదంటే హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ ఉంది, గురువారం జరుగుతుంది. చెట్టినాడు ఇళ్ల సామాను కావాలంటే తమిళనాడులోని కారైకుడి. కానీ ముందు మన ఊళ్లో చేయి తిరగాలి. ఇక్కడ తూకం ధరకు పట్టుకుని చూసే అవకాశం ఉంది, అక్కడ చూపుకే ధర కడతారు.

సంచిలో ఏం ఉండాలి, ఎప్పుడు వెళ్లాలి

చిన్న అయస్కాంతం, టేపు, టార్చి, భూతద్దం, మెత్తటి పాత గుడ్డ, గ్రాముల్లో తూచే చిన్న త్రాసు. చిల్లర నోట్లు. ఇంతే.

కొట్టు తెరిచిన వెంటనే మాత్రం వెళ్లకండి. బోణీ బేరం చాలామందికి పట్టింపు. పొద్దున్నే వచ్చి గంటసేపు అన్నీ తిరగేసి ఏమీ కొనకుండా పోతే ఆ కొట్టాయన మనసు రోజంతా బాగుండదు, మళ్లీ మిమ్మల్ని వెనక గదికి రానివ్వడు. పదకొండు దాటాక వెళ్లండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్లే కొట్లు మూసి ఉంటాయి, ఆ వేళ తప్పించండి. రద్దీగా ఉన్నప్పుడు పక్కన నిలబడి కొత్త సామాను కొనేవాళ్లను ముందు పోనివ్వండి. ఆ కొట్టుకు బువ్వ పెట్టేది ఆ బేరాలే.

అన్నింటికన్నా ముందు ఒక పని చేయండి. మీ ఇంట్లో ఉన్న పాత చెంబు ఒకటి పట్టుకెళ్లి వేరే కొట్లో "దీనికి కిలోకి ఎంతిస్తారు" అని అడగండి. ఇత్తడికి, రాగికి, కంచుకు విడివిడిగా అడగండి. ఆ రోజు కొట్టువాళ్లు కొనే ధర మీకు తెలిసిపోతుంది. బేరానికి నేల అదే. దాని కంటే తక్కువకు ఎవరూ అమ్మరు, దాని మీద ఎంత ఎక్కువ ఇవ్వాలన్నదే మీరు తేల్చుకోవాల్సింది.

ఇత్తడి, కంచు, రాగి చూడటం

వస్తువును నేల మీద నుంచి తీసి వెలుతురులోకి తెచ్చుకోండి. ముందు అయస్కాంతం పెట్టండి. ఇత్తడికి, రాగికి, కంచుకు అతుక్కోదు. అతుక్కుంటే లోపల ఇనుము, పైన పూత. ఆ పని అర నిమిషం.

తర్వాత బోర్లించండి. పాత వస్తువు వయసు అడుగున కనిపిస్తుంది. బిందె అడుగు అంచు చుట్టూ ఏళ్ల తరబడి గచ్చు మీద, బావి గట్టు మీద, పొయ్యి రాళ్ల మీద పెట్టిన గీతలు ఉండాలి. ఆ గీతలు ఒక వైపుకే కాకుండా అన్ని వైపులా, కొన్ని లోతుగా కొన్ని పైపైన ఉంటాయి. చేయి పట్టుకునే చోట, మూతి అంచున లోహం నునుపుగా అరిగి ఉంటుంది. చేతికి అందని మూలల్లో, అతుకుల దగ్గర నలుపు నిలిచి ఉంటుంది. కొత్త ఇత్తడికి మందు పూసి పాతదానిలా చేసినప్పుడు ఈ తేడా ఉండదు. నలుపు అంతటా ఒకేలా పరుచుకుంటుంది, లేదా పచ్చటి చిలుము ఎక్కడ చూసినా ఒకే రంగులో ఉంటుంది. తడిగుడ్డతో గట్టిగా రుద్దితే రంగు గుడ్డకు దిగుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటు వాసన వస్తుంది.

ఇప్పుడు టార్చి లోపలికి వేయండి. చేత్తో కొట్టి చేసిన బిందె లోపల సుత్తి దెబ్బలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. పాత బిందెల నడుము దగ్గర ఇంకొకటి చూడాలి. పై సగం, కింది సగం విడివిడిగా చేసి, అంచులను పళ్లలా కోసి, ఒకదాని పళ్లు ఇంకొకదాని సందుల్లో ఇరికించి కాల్చి అతికేవాళ్లు. ఆ అతుకు లోపలి వైపు వంకర్లు తిరిగిన గీతలా, కాస్త వేరే పసుపు రంగులో తేలుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. యంత్రం మీద తిప్పి చేసిన బిందె లోపల గుండ్రటి సన్నటి గీతలు మాత్రమే ఉంటాయి. ఈ అతుకు ఉన్న బిందె దొరికిందంటే నేను తూకం ధర మీద ఎక్కువ ఇవ్వడానికి వెనకాడను. అది ఒక మనిషి చేతి పని, ఇప్పుడు చేసేవాళ్లు దొరకడం కష్టం.

కంచు సంగతి వేరు. ఇత్తడి రాగి, తుత్తునాగం (జింకు) కలిపి చేసేది. కంచు రాగి, తగరం కలిపి చేసేది, అందుకే గట్టిది, పెళుసు కూడా. కంచు పళ్లేన్ని ఐదు వేళ్ల కొసల మీద నిలబెట్టి, రెండో చేతి వేలి కణుపుతో అంచు మీద తట్టండి. గంటలా సాగుతూ మోగాలి. ఠప్పుమని ఆగిపోతే ఎక్కడో పగులు ఉంది. కంటికి కనిపించని పగులు కూడా మోతలో బయటపడుతుంది. పగిలిన కంచును అతకడం మామూలు పని కాదు, అలాంటిది ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

వాడుకోవడానికి కొంటుంటే నీళ్లు పోసి చూడాల్సిందే. మొహమాటపడకండి. "ఒక చెంబు నీళ్లిస్తావా అన్నా" అని అడిగి, బిందెను పాత పేపరు మీద పెట్టి, పది నిమిషాలు వేరేవి చూసి రండి. పేపరు తడిస్తే కారుతున్నట్టే. చిల్లి పూడ్చడానికి మాటు వేసిన చోట్లు బూడిద రంగులో ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. పాత మాట్లలో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి అలాంటివి తాగునీటికి, వంటకు వాడకండి. పూలకుండీగానో, మూలన అలంకారానికో పర్వాలేదు. వంటకు వాడే ఇత్తడి, రాగి గిన్నెలకు లోపల కళాయి ఉండాలి. పోయి ఉంటే తగరంతో మళ్లీ పూయించుకోవచ్చు. ఆ ఖర్చు బేరంలో లెక్కేసుకోండి. కళాయి లేని గిన్నెలో చింతపండు పులుసు పెట్టారంటే చిలుము వంటలోకి దిగుతుంది.

దీపపు సెమ్మెలు, ప్రతిమలున్న దీపాలు కొనేటప్పుడు పీట కింద తట్టి చూడండి. బోలుగా ఉండాల్సిన చోట లక్క, సిమెంటు నింపి బరువు పెంచుతారు. మీరు ఇత్తడి ధరకు సిమెంటు కొన్నట్టవుతుంది. మరచెంబు అయితే మూత పూర్తిగా తిప్పి చూడండి, మర సాఫీగా పట్టాలి. వేరే చెంబు మూత పెట్టి అమ్మడం మామూలే. అడకత్తెరకు కీలు, పాన్‌దాన్‌కు లోపలి చిన్న గిన్నెల లెక్క. ఇవి చూస్తే చాలు.

గిన్నె మీది పేరు చదవండి

మన ఇళ్లలో పాత్రల మీద పేరు కొట్టించే అలవాటు ఉంది కదా, పాత సామాను కొనేవాళ్లకు అంతకు మించిన సాక్ష్యం లేదు. భూతద్దంతో చదవండి. పాత పేర్లు ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టినవి. కరెంటు మిషనుతో రాసినవైతే గీత తెంపు లేకుండా వణికినట్టు పోతుంది. కొన్నింటి మీద పేరుతో పాటు ఊరు, పెళ్లి, ఎవరి జ్ఞాపకార్థం ఇచ్చారో, తేదీ కూడా ఉంటాయి.

తేదీ ఇంగ్లీషు ఏడాది అయితే సులువు. తెలుగు సంవత్సరం పేరుంటే తొందరపడకండి. అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. 'శార్వరి' అని ఉంటే అది 2020 కావచ్చు, 1960 కావచ్చు, 1900 కూడా కావచ్చు. 'శ్రీముఖ' అంటే 1993 లేదా 1933. ఏదో తేల్చడానికి అక్షరాల తీరు, చుక్కల పద్ధతి, అడుగు అరుగుదల మూడూ కలిపి చూడాలి. శార్వరి అని ఉన్న చెంబు అడుగు కొత్తగా మెరుస్తుంటే అది 1900 నాటిదని ఎవరు చెప్పినా నమ్మొద్దు.

ఇంకో మాట. పేరును అరగదీయించకండి. కొన్ని కొట్లలో "పేరు తీసేసి పాలిష్ చేసిస్తా" అంటారు. వద్దనండి. ఆ పేరు ఒక ఇంటిది. దాన్ని చెరిపేస్తే వస్తువు వయసు చెప్పే ఆధారం కూడా పోతుంది. అదే ఊరివాళ్లు తెలిస్తే వాళ్లకు ఒక ఫోటో పంపండి. తమ నాయనమ్మ బిందె ఎక్కడుందో తెలిసి సంతోషపడేవాళ్లు ఉంటారు, తిరిగి కొనుక్కుంటామనేవాళ్లూ ఉంటారు. అలా అడిగితే కొన్న ధరకే ఇచ్చేయడం న్యాయమని నా అభిప్రాయం.

పేరు బదులు దేవస్థానం అనో, ఫలానా స్వామికి సమర్పించినది అనో ఉంటే కొనకండి. గంట అయినా, హారతి పళ్లెం అయినా, అఖండ దీపం అయినా సరే. గుడి సొత్తు గుడి దాటి తుక్కు కొట్టుకు ఎలా వచ్చిందో అమ్మేవాళ్లు చెప్పలేరు, రేపు మీరూ చెప్పలేరు.

చెక్క సామాను

కర్నూలులో పాత పెట్టె, బీరువా, పుస్తకాల అర కొంటున్నారంటే మొదట 2009 వరద గుర్తుకు రావాలి. ఆ ఏడాది అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు పట్టణాన్ని ముంచెత్తాయి. పాత బస్తీ ఇళ్లలో సామాను నీళ్లలో నానింది. ఆరబెట్టి, రంగు వేసి తర్వాత అమ్మేసినవీ ఉంటాయి. సొరుగు పూర్తిగా బయటికి లాగి, వెనక మూలల్లో టార్చి వేయండి. అతుకుల్లో సన్నటి ఒండ్రు గట్టిపడి బూడిద గీతలా ఉంటుంది, గోటితో గీకితే పొడిగా రాలుతుంది. కాళ్ల దగ్గర ఒక ఎత్తు దాకా చెక్క రంగు మారి ఉంటుంది. పాత పెట్టెకు కింద మాత్రమే కొత్త స్క్రూలు, కొత్త బందులు ఉన్నాయంటే పాతవి తుప్పు పట్టి పోయాయన్నమాట. నీళ్లలో నానిన గట్టి టేకు బతుకుతుంది. పైన సన్నటి పొర అతికిన చెక్క బతకదు, పొరలు లేస్తుంది. తేడా తెలుసుకుని ధర మాట్లాడండి. నానింది కదా అని పూర్తిగా తోసేయక్కర్లేదు.

తలుపులకు చెదలు, పుచ్చు చూడాలి. పైన పెయింటు బాగుంటుంది, లోపల గుల్లగా ఉంటుంది. అంచుల వెంబడి వేలి కణుపుతో తట్టుకుంటూ పోండి, మోత మారిన చోట ఆగండి. సన్నటి రంధ్రాల కింద తాజా పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉంది. అలాంటిది మందు కొట్టకుండా ఇంట్లోకి తేవద్దు, మీ మంచం కాళ్లకూ పాకుతుంది. ద్వారబంధాన్ని ఎదురుమూలలు కలుపుతూ రెండు వైపులా టేపుతో కొలవండి. కొలతలు సమానంగా లేకపోతే వంగింది. పాత మిద్దెల తలుపులు పొట్టివి, తల వంచి వెళ్లే ఎత్తు. మీ గోడలో పెట్టాలంటే పైన ఎంత ఖాళీ మిగులుతుందో కొనకముందే లెక్క చూసుకోండి. లేకపోతే వేల రూపాయల తలుపు వరండాలో గోడకు ఆనించి ఉండిపోతుంది.

పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు. పొడిగా ఉప్పు కాగితం పెట్టి రుద్దించకండి, ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇంట్లో. తడిపి గీకించండి, లేదా మందుతో తీయించండి, ఆ చెత్తను మూటగట్టి పారేయించండి. రవాణాకు టాటా ఏస్ కిరాయి, ఎత్తేవాళ్ల కూలి ముందే మాట్లాడుకోండి. టేకు ద్వారబంధం ఇద్దరు మోయలేరు.

వెండి రూపాయలు

నాణేల దగ్గర మోసం ఎక్కువ, అందుకే లెక్కలు గుర్తుంచుకోండి. బ్రిటిష్ కాలం వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. 1939 దాకా వచ్చినవాటిలో వందకు దాదాపు 92 పాళ్లు వెండి. 1940 తర్వాత సగమే. 1947 రూపాయి అసలు వెండి కాదు, నికెల్. దానికి అయస్కాంతం అతుక్కుంటుంది, అది నకిలీ అని పారేయకండి. దాన్నే వెండి అని అమ్మబోతే మాత్రం లేచి వచ్చేయండి. విక్టోరియా బొమ్మ, 1862 అని ఉన్న రూపాయలు అదే తేదీతో చాలా ఏళ్లు ముద్రించారు, తేదీ చూసి అరుదైనదనుకోవద్దు. అరిగిన నాణెం కాస్త తేలికగా తూగుతుంది, అది సహజం. అరగకుండా మిలమిలలాడుతూ ఒక గ్రాము తక్కువ తూగితే అనుమానించండి. అంచు గీతలు, అక్షరాల చుట్టూ చిన్న గుంటలు భూతద్దంతో చూడండి. అచ్చులో పోసిన నకిలీకి ఆ గుంటలు ఉంటాయి.

రాముడో హనుమంతుడో ఉండి, 1818 అని, ఈస్టిండియా కంపెనీ అని రాసిన రాగి బిళ్లలు చూపిస్తారు. కంపెనీ అలాంటి నాణేలు ఎప్పుడూ వేయలేదు. పూజలో పెట్టుకోవడానికి పది రూపాయలకు ఇస్తే మీ ఇష్టం, వేలకు వేలు పెట్టొద్దు.

బియ్యాన్ని లాగే రాగి చెంబు, రైస్ పుల్లింగ్ అంటూ ఎవరైనా వస్తే ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు. గుప్తనిధుల మీద ఆశ మన సీమలో చాలా ఇళ్లను కూల్చింది. పరీక్ష ఖర్చు, కెమికల్ ఖర్చు, బయటి దేశం పార్టీ అంటూ వాయిదాల మీద వాయిదాలుగా డబ్బు గుంజుతారు. అలాంటి శక్తి ఉన్న పాత్ర లోకంలో లేదు. ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలు వస్తాయని ఫోన్లో వచ్చే ప్రకటనలూ అంతే. తమ పేరు వాడుకుని పాత నోట్లు, నాణేల పేరిట ఫీజులు అడుగుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. మీ నోటు కొంటామంటూ మిమ్మల్నే ముందు డబ్బు కట్టమన్నారంటే అది మోసమే.

చేయి పెట్టకూడనివి

పురావస్తువుల చట్టం 1972లో వచ్చింది, 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. నూరేళ్లు దాటిన శిల్పం, చిత్రం, నాణెం, చేతిపని వస్తువు పురావస్తువు కిందకు వస్తుంది. చరిత్రకో సాహిత్యానికో విలువైన రాతప్రతికి 75 ఏళ్లు చాలు. అలాంటివాటి వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. రాతి, లోహ, చెక్క శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతుల్లాంటివి సొంతానికి ఉంచుకున్నా రిజిస్టర్ చేయించాలి. కాబట్టి పంచలోహ విగ్రహం, పాత రాతి విగ్రహం ఎవరైనా గుడ్డలో చుట్టి చూపిస్తే రిజిస్ట్రేషన్ కాగితం అడగండి. లేదంటే ధర అడగను కూడా అడగొద్దు. పాత చెక్క తలుపు మీద దేవతా బొమ్మలు చెక్కి ఉండి నూరేళ్లు దాటినట్టు అనిపించినా ఇదే జాగ్రత్త.

ఊరి బయట వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి), అక్షరాలున్న బండ, నాగశిల లాంటివి ఇంటి తోటకు తెచ్చుకోవాలన్న కోరిక కొందరికి ఉంటుంది. దయచేసి కదిలించకండి. తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటి, క్రీ.శ. 575 ప్రాంతానిదిగా చెప్పే కలమళ్ల శాసనం కడప జిల్లాదే. అశోకుడి శాసనాలున్న ఎర్రగుడి కర్నూలు వైపే ఉంది. మీకు కనిపించిన రాయి మీద ఏముందో చదివేవాళ్లు వచ్చేదాకా అది ఉన్నచోటే ఉండాలి. తాళపత్రాల కట్టలు ఎవరి ఇంట్లోనైనా బయటపడితే విడి ఆకులుగా అమ్మనివ్వకండి. కడపలో సి.పి. బ్రౌన్ పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉంది, వాళ్లకు చూపించమని చెప్పండి.

ఏనుగు దంతం, జింక కొమ్ములు, తాబేలు డిప్ప కొనడం వన్యప్రాణి చట్టం కింద నేరం. తాతల నాటి గోడ అలంకారమని చెప్పినా సరే.

అమెరికాలో ఉన్న పిల్లలకు పంపాలనుకుంటే ఇంకో సంగతి. పురావస్తువును దేశం దాటించడం సొంతంగా ఎవరికీ కుదరదు. నూరేళ్లు కాని ఇత్తడి సామాను అయినా పాతదిగా కనిపిస్తే కస్టమ్స్ దగ్గర ఆపొచ్చు. అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం పురావస్తు సర్వే శాఖ నుంచి ముందే తీసుకుంటే విమానాశ్రయంలో టెన్షన్ ఉండదు.

బేరం

వస్తువు నచ్చిందని ముఖంలో చూపించకండి. మూడు నాలుగు వస్తువులు పక్కన పెట్టి, కావాల్సినదాన్ని మధ్యలో అడగండి. మాట ఇలా సాగుతుంది:

"భాయ్, ఈ బిందె తూకమెంత?"

"మూడు కిలోలుంటది. వేయమంటారా?"

"వేయండి. పాత సామాన్ల రేటే కదా?"

"ఇది చేతిపని సార్, తుక్కు రేటుకు రాదు."

ఆయన అన్నది నిజమే అయితే ఒప్పుకోండి. తుక్కు ధర మీద పావు వంతో, సగమో ఎక్కువ ఇచ్చినా చేతిపని బిందెకు అది న్యాయమైన ధరే. మాటు ఉంది, కళాయి పోయింది, మూత వేరేది అని చూపించి తగ్గించమనండి. వస్తువును తక్కువ చేసి మాట్లాడటం వేరు, ఉన్న లోపం చూపించి అడగడం వేరు. రెండోదానికి కొట్టాయన కూడా తల ఊపుతాడు. తూకం మీ కళ్ల ముందే, లోపల గుడ్డలూ మట్టీ తీసేసి వేయించండి. కాగితం మీద వస్తువు పేరు, తూకం, ధర, తేదీ రాయించుకుని కొట్టు ముద్ర వేయించండి. కారితే రెండు రోజుల్లో మార్చిస్తారా అని డబ్బు ఇవ్వకముందే అడగండి. ఇచ్చాక అడిగితే లాభం లేదు.

ఇంటి దగ్గర కొనేటప్పుడు

కొన్నిసార్లు కొట్టు మధ్యలో ఉండదు. ఆసుపత్రి ఖర్చుకో, పిల్లల ఫీజుకో ఇత్తడి తీస్తున్న ఇల్లు మీకు తెలుస్తుంది. అక్కడ పద్ధతి మారాలి. ఆ రోజు తూకం ధర ఎంతో మీరే ముందు చెప్పండి. "అవ్వా, కొట్లో ఇంత ఇస్తారు, నేను దాని మీద ఇంత ఇస్తా" అనండి. తెలియనితనం మీద లాభం చేసుకోవద్దు. శుక్రవారం దీపాలు, దేవుడి సామాను ఇల్లు దాటించని ఇళ్లు చాలా ఉన్నాయి, శనివారం వస్తామని చెప్పి రండి. ఇల్లాలు చివరి నిమిషంలో వద్దంటే బయానా తిరిగి తీసుకుని మారుమాట లేకుండా లేవండి. పాత కథ అడగడానికి మంచి చోటు కూడా ఇదే. ఇక్కడ కథ చెప్పేవాళ్లు దాన్ని వాడినవాళ్లు కాబట్టి ఎక్కడ చేయించారు, ఎవరి పెళ్లికి వచ్చింది, దేనికి వాడేవాళ్లు అన్నవి అడిగి రాసుకోండి.

ఇంటికి తెచ్చాక

మొదటి రోజే తళతళలాడేలా తోమేయాలని చేయి దురదపెడుతుంది. ఆగండి. వాడుకునే వస్తువైతే చింతపండు, ఉప్పు పెట్టి తోమి, మంచినీళ్లతో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. తడి ఆరకపోతే తెల్లారేసరికి మచ్చలు పడతాయి. చూసుకోవడానికి ఉంచే పాత వస్తువును, పేరు ఉన్నదాన్ని గరుకు పీచుతో రుద్దకండి, యాసిడ్ వాడకండి. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. నాణేలనైతే అసలు తోమకండి, తోమిన నాణేనికి సేకరించేవాళ్ల దగ్గర ధర పడిపోతుంది. గొలుసుకు వేసుకోవడానికి నాణేనికి కొక్కెం అతికించినా అంతే.

చెక్క వస్తువును వారం రోజులు వరండాలో నీడన ఉంచి, పొడి రాలుతుందో లేదో కింద తెల్లకాగితం పరిచి చూడండి. రాలకపోతే లోపలికి తెచ్చుకోండి.

కొట్టు ఇచ్చిన కాగితం పోగొట్టుకోకండి. దాని వెనకే ఏ ఊళ్లో దొరికింది, ఎవరి పేరు ఉంది, అమ్మినవాళ్లు ఏం చెప్పారు, మీరు చూసిన గుర్తులు ఏమిటి అన్నవి రాయండి. విన్నది విన్నట్టుగా, చూసింది చూసినట్టుగా వేరుచేసి రాయండి. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి వస్తువులోనే ఉంచండి. ముందూ వెనకా అడుగూ ఫోటోలు తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా ఉంచండి.